గొంతు దాచుకోవడం ఎలా?

మా ఊళ్ళో విత్తనాన్ని ఎండబెట్టి, వేపాకు కలిపి గాదెలో పోస్తారు. అంతటితో పని అయిపోదు. ఏటేటా కొంత పొలంలో చల్లి కొత్త గింజ తీసుకోవాలి. లేకుంటే గింజ కంటికి బాగానే కనిపిస్తుంది, మొలక మాత్రం రాదు. పాటకూ మాటకూ ఇదే సూత్రమని పాతబస్తీకి చదువుకోను వచ్చాకే నాకు తెలిసింది.

మా నాయనమ్మ నాట్ల పాటలు బాగా పాడేదట. నేను పుట్టకముందే ఆమె పోయింది. అంతకుముందే మా నాయన ఆమె పాటలను ఒక క్యాసెట్‌లో పట్టి ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టాడు. ఆ క్యాసెట్ పట్టుకుని చార్మినార్ వెనుక సందులో టేప్‌రికార్డర్లు బాగుచేసే పెద్దాయన దగ్గరకు పోయాను. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "బేటా, ఇన్నేళ్ళు దాచిన్రు గానీ ఒక్కసారన్నా తిప్పిన్రా?" అన్నాడు. బూజు పట్టి చుట్టలు అతుక్కుపోయాయి. ఒక వైపు సగం దక్కింది. మిగతా పాటలు ఇక లేవు.

ఇంతకూ క్యాసెట్‌లో ఏముంటుంది? 1963లో ఫిలిప్స్ సంస్థ తెచ్చిన ఈ చిన్న డబ్బాలో సన్నని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దానిమీద ఐరన్ ఆక్సైడ్ పొడిని ఒక జిగురుతో పూస్తారు. మనం పాడితే మైకు ఆ ధ్వనిని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు రికార్డింగ్ హెడ్‌లో అయస్కాంత శక్తిగా మారి, పొడి మీద తన ముద్ర వేస్తుంది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే అరగంట పాటకు దాదాపు 86 మీటర్ల టేపు కావాలి! అయస్కాంత ముద్ర చాలాకాలం నిలుస్తుంది. ముందుగా చెడేది జిగురే. తేమ తగిలితే అది మెత్తబడి, పూత ఊడివస్తుంది.

ఈ కష్టం మా ఇంటిదే కాదు. పెద్ద పెద్ద గ్రంథాలయాలదీ ఇదే. గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషల సర్వే మద్రాసు, హైదరాబాదు ప్రాంతాల్లో జరగలేదు. అయితే 1913-1929 మధ్య దేశ భాషలను గ్రామఫోను రికార్డుల్లోకి ఎక్కించినప్పుడు తెలుగుకూ చోటు దొరికింది. బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథను ఒక్కొక్కరి చేత వారి వారి భాషలో చెప్పించారు. ఆ గొంతులు నేడు చికాగో విశ్వవిద్యాలయం వారి డిజిటల్ గ్రంథాలయంలో వినిపిస్తున్నాయి. పళ్ళెం మీది ధ్వనిని ఎవరో సమయానికి మరో రూపంలోకి మార్చారు కనుకనే అవి బతికాయి.

మన దగ్గరా 1984 ఆగస్టు 15న యూజీసీ పాఠాలు దూరదర్శన్‌లో మొదలయ్యాయి. అటువంటి పాఠాలు తయారుచేసే కేంద్రం ఉస్మానియాలోనూ వెలిసింది. ఆనాటి పాఠాలు వీడియో టేపుల మీదివే. టేపు బాగున్నా తిప్పే యంత్రం లేకపోతే ఏం లాభం? యంత్రాలూ, విడిభాగాలూ 2025 నాటికి దొరకడం కష్టమవుతుందని యునెస్కో తరఫున 2019లోనే హెచ్చరించారు. ఆ గడువు వచ్చేసింది.

ఇక మార్గం నకలు తీయడమే. నిపుణులు చెప్పే పద్ధతిలో సెకనుకు 96,000 సార్లు ధ్వనిని కొలిచి, ఒక్కొక్క కొలతను 24 బిట్లలో రాస్తారు. రెండు చానళ్ళకు గంటకు సుమారు 2 జీబీ అవుతుంది. ఆ నకలునూ ఒకేచోట ఉంచరాదు. హార్డ్‌డిస్కూ గాదె వంటిదే, దానికీ పురుగు పడుతుంది. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. వారి అనుమతీ తీసుకోవాలి. పేరు లేని గొంతు రేపు ఎవరిదో ఎవరికి తెలుస్తుంది?

మిత్రులారా, ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అటక మీద వెతకండి. క్యాసెట్ దొరికితే వెంటనే నకలు తీయించి, ఒక ప్రతిని గ్రంథాలయానికి ఇవ్వండి. నాయనమ్మ ఇంకా ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ముందు ఆమె పక్కన కూర్చోండి.