వెబ్‌సైటు: పేరు ఎవరిది? తాళం ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండింటి సరసన మూడవది చేర్చవలసి వస్తే, నేటి కాలంలో వెబ్‌సైటు కట్టించి చూడమనవచ్చు. ప్రవాసంలోని తెలుగు సంఘాలలో ఈ పని తరచు ఇంటి పనిగానే మొదలవుతుంది. కంప్యూటర్ చదివిన కుర్రవాడొకడు ఉత్సాహంతో ఒక వారాంతంలో దానిని నిలబెడతాడు. అతడు ఉద్యోగరీత్యా మరో ఊరు వెళ్ళిపోగానే, నిరుటి సంక్రాంతి ప్రకటన ఈ ఏటి దసరాకు కూడా మొదటి పుటలోనే వేలాడుతూ ఉంటుంది. అప్పుడు కార్యవర్గం సమావేశమై, రుసుము చెల్లించి ఒక వెబ్ డిజైన్ సంస్థకు ఆ పని అప్పగించాలని తీర్మానిస్తుంది.

మొదటిసారి అటువంటి సంస్థతో మాట్లాడేవారి దృష్టి సహజంగా రంగుల మీదికి, బొమ్మల మీదికి పోతుంది. కూచిపూడి నర్తకి చిత్రం కుడివైపు ఉండాలా, ఎడమవైపు ఉండాలా అన్న చర్చకు ఒక సాయంత్రం చాలదు. అయితే రంగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఒకసారి చేజారితే తిరిగి రావడం కష్టమైనవి వేరే ఉన్నాయి. అవి మూడు: పేరు, సరుకు, అక్షరం.

పేరు

కంప్యూటర్లు ఒకదానినొకటి సంఖ్యలతో గుర్తిస్తాయి. మనుషులకు పేర్లు కావాలి. పేరును సంఖ్యగా మార్చి చెప్పే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను 1983లో పాల్ మొకపెట్రిస్ రూపొందించాడు. సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను ప్రతిపాదించినది 1989లో. అనగా ఇంటికంటె ముందే చిరునామా పుట్టినది.

ఈ పేర్ల వ్యవస్థను 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ పర్యవేక్షిస్తుంది. రిజిస్ట్రార్ అనే వ్యాపార సంస్థలు పేర్లను నమోదు చేస్తాయి. పేరు ఎవరికీ శాశ్వతంగా అమ్ముడుపోదు. డాట్ కామ్, డాట్ ఆర్గ్ వంటి పేర్లు గరిష్ఠంగా 10 సంవత్సరాల కౌలుకు దొరుకుతాయి. గడువు దాటి రద్దయిన పేరును హెచ్చు రుసుముతో విడిపించుకోవడానికి 30 రోజుల అవకాశం ఉంటుంది. ఆ పిదప కొద్ది రోజులకు అది ఎవరికైనా దక్కవచ్చు.

నమోదులో ఎవరు స్వంతదారుగా ఉన్నారో ఆ పేరుపై హక్కు వారిదే. డిజైన్ సంస్థ తన పేరనే నమోదు చేసుకుంటే, సంఘం ఎన్నేళ్ళు రుసుము కట్టినా అద్దెదారుగానే మిగులుతుంది. మరొక ప్రమాదం సంఘం లోపలే పొంచి ఉన్నది. కార్యవర్గాలు మారిపోతాయి; గడువు హెచ్చరిక మాత్రం పాత కోశాధికారి సొంత ఈ-మెయిల్‌కే వెళ్తూ ఉంటుంది. కనుక పేరు సంఘం పేరనే ఉండాలి. హెచ్చరికలు వ్యక్తికి గాక పదవికి చెందిన ఈ-మెయిల్‌కు చేరాలి. ఆ ఈ-మెయిల్ అదే డొమైన్‌పై నడిచేది కాకూడదు. పేరు ఆగిపోయిననాడు దానితోబాటే హెచ్చరిక వచ్చే దారి కూడా మూసుకుపోతుంది.

సరుకు

వ్యాసాలు, ఛాయాచిత్రాలు, సభ్యుల జాబితా నిలవ ఉండే కంప్యూటరును సర్వర్ అంటారు. అందులో చోటు అద్దెకు తీసుకోవడమే హోస్టింగ్. ఆ ఖాతా తాళంచెవి డిజైన్ సంస్థ వద్ద ఉండవచ్చును గాని, అక్కడ మాత్రమే ఉండరాదు. సరుకు అంతటికీ ఒక ప్రతి నెలకొకసారైనా సంఘం చేతికి రావాలి.

ఏ సాధనంతో కడుతున్నారో కూడా అడగాలి. 2003లో వెలువడిన వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్ అందరికీ అందుబాటులో ఉన్నది గనుక ఒక సంస్థ మానేస్తే మరొకటి అందుకోగలదు. కొన్ని సంస్థలు తమకు మాత్రమే తెలిసిన సొంత సాధనంతో కడతాయి. ఆ వడ్రంగి తప్ప మరొకడు మేకు కొట్టలేని ఇల్లది.

చట్టం సంగతి చాలమందిని ఆశ్చర్యపరుస్తుంది. అమెరికాలోను, బ్రిటన్‌లోను బయటి సంస్థ చేసిన రచనకు, రూపకల్పనకు సొమ్ము చెల్లించినంత మాత్రాన కాపీరైట్ మన వశం కాదు. సంతకంతో కూడిన వ్రాతపూర్వకమైన బదిలీ కావాలి. ఒప్పందంలో ఆ ఒక్క వాక్యం లేకపోతే, సంఘం తన వెబ్‌సైటునే మరొకరిచేత మార్పించుకోవడం వివాదానికి దారితీయవచ్చు.

అక్షరం

ఇది తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. 1990 దశకంలో తెలుగు ఫాంట్లు చాలవరకు ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు ఆకారాలను కూర్చినవే. ఫాంటు ఉన్న యంత్రంలో తెలుగు కనిపించేది. లేని యంత్రంలో అర్థంలేని ఆంగ్లాక్షరాలు కనిపించేవి. యంత్రం జ్ఞాపకంలో ఉన్నది తెలుగు కాదు, తెలుగు వేషం మాత్రమే. నీలంగా ఉన్న ప్రతి ద్రావణమూ మైలుతుత్తం కానట్లే, తెలుగుగా కనిపించినదంతా తెలుగు కాదు.

1991 నాటి యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించినది. క సంఖ్య 3093, పొల్లు గుర్తు సంఖ్య 3149, ష సంఖ్య 3127. ఈ మూడు వరుసగా వస్తే యంత్రం క్ష అని చిత్రిస్తుంది. ఫాంటు మారినా సంఖ్యలు మారవు. అందువల్లనే వెతుకులాట యంత్రం ఆ మాటను పట్టుకోగలుగుతుంది. చూపులేనివారికి కంప్యూటరు చదివి వినిపించగలుగుతుంది.

తెలుగు తెలియని సంస్థ తెలుగు వ్యాసాన్ని బొమ్మగా మార్చి అతికించడం కద్దు. చూపుకు ముద్దుగానే ఉంటుంది గాని, అందులోని మాటలు ఎవరు వెతికినా దొరకకపోవచ్చు. పాత సావనీర్లు పాత ఫాంట్లలో ఉన్నట్లయితే వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిని ఒప్పందంలో ప్రత్యేకంగా చేర్చాలి. వరుసల నడుమ ఎడం కూడ ముఖ్యమే. ఆంగ్లానికి సరిపోయే ఎడంలో తెలుగు పెడితే పై వరుస వత్తులు క్రింది వరుస గుడులను తాకుతాయి. అక్షరానికి, నేపథ్యానికి మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5కు 1 ఉండాలని 2008 నాటి వెబ్ ప్రమాణం చెబుతున్నది. పసుపు నేలపై తెల్లని అక్షరాలు తాతగారికి కనిపించవు.

చివరి చెక్కుకు ముందు

సంస్థను ఎన్నుకునేటప్పుడు అది నిన్న కట్టిన వెబ్‌సైటును గాక మూడేళ్ళ క్రితం కట్టినదానిని చూడాలి. దాని యజమానితో ఫోనులో మాట్లాడాలి. రుసుమును పని దశలనుబట్టి విడతలుగా చెల్లించాలి. ఏటా అయ్యే నిర్వహణ ఖర్చు ముందే వ్రాయించుకోవాలి. పిల్లల ఛాయాచిత్రాలు పెట్టేముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి.

పరాయి దేశంలో జరుపుకున్న తొలి ఉగాది ఫొటోలు, సంఘాన్ని స్థాపించినవారి వ్యాసాలు, తరగతి గదులు అద్దెకు తీసుకొని నడిపిన తెలుగు బడి వివరాలు తరచు మరెక్కడా ఉండవు. అవి పోతే ఆ ఊరి తెలుగువారి చరిత్రలో కొన్ని పుటలు పోయినట్లే. కనుక చివరి విడత చెల్లించే రోజున కార్యదర్శి ఒక పరీక్ష పెట్టాలి. డిజైన్ సంస్థ సహాయం లేకుండా డొమైన్ ఖాతా తెరవాలి. హోస్టింగ్ ఖాతా తెరవాలి. సరుకు ప్రతిని తన కంప్యూటరులోకి దించుకోవాలి. పాత సావనీరులోని ఒక వ్యాసకర్త పేరును తెలుగులో టైపు చేసి, వెబ్‌సైటులో వెతకాలి. నాలుగూ నెరవేరిన తరువాతనే చెక్కు మీద సంతకం చేయాలి.