ట్రేడ్‌మార్కు, పేటెంటు వ్యవహారాల్లో గడువుల నిర్వహణ: ఆచరణలో పాటించవలసిన మెలకువలు

గత భాగంలో ట్రేడ్‌మార్కు నమోదు దశలను, పేటెంటు దరఖాస్తు దశలను చదువుకున్నారు. ఈ భాగంలో ఆ దశలను ఒక ఏజెంటు కార్యాలయం రోజువారీగా ఎలా నడుపుకొస్తుందో తెలుసుకుంటారు. చట్టం తెలిసినవారి చేతిలో కూడా దరఖాస్తులు రద్దవుతుంటాయి. అందుకు ఎక్కువ సందర్భాల్లో కారణం తేదీ దాటిపోవడమే.

2016 మార్చి చివర్లో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ, పరీక్షా నివేదికలకు జవాబు రాలేదన్న కారణంతో, లక్షకు పైగా దరఖాస్తులను దరఖాస్తుదారులే వదులుకున్నట్లు పరిగణిస్తూ కొద్ది రోజుల వ్యవధిలో ఉత్తర్వులు ఇచ్చింది. తమకు నివేదికే అందలేదని కొందరు, జవాబు ఎప్పుడో దాఖలు చేశామని మరికొందరు గగ్గోలు పెట్టారు. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2016 ఏప్రిల్ 5న కోర్టు ఆ ఉత్తర్వుల అమలును నిలిపివేసింది. ఆ కొద్ది రోజుల్లో జవాబు పంపిన రుజువు దగ్గర ఉన్న ఏజెంటు పరిస్థితి ఒకటి, పాత ఫైళ్లలో దాని కోసం వెతుక్కున్న ఏజెంటు పరిస్థితి మరొకటి. ఈ భాగం చదువుతున్నంతసేపూ ఈ తేడాను గుర్తుంచుకోండి.

ఈమెయిలే నోటీసు

2017 మార్చి 6 నుంచి అమలులో ఉన్న ట్రేడ్‌మార్కుల నిబంధనల ప్రకారం, రిజిస్ట్రీ ఈమెయిల్ పంపిన సమయానికే అది మీకు అందినట్లు భావిస్తారు. పరీక్షా నివేదిక అందిన తేదీ నుంచి ఒక నెలలోగా జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తును వదులుకున్నట్లు పరిగణించే అధికారం రిజిస్ట్రార్‌కు ఉంది. మీ పెట్టెలో ఆ ఈమెయిల్ స్పామ్‌లోకి వెళ్లిందా, సెలవులో ఉన్న గుమాస్తా ఖాతాకు వెళ్లిందా అన్నది రిజిస్ట్రీ చూడదు.

అభ్యంతర నోటీసు విషయంలో ప్రమాదం ఇంకా పెద్దది. జర్నల్‌లో మార్కు ప్రకటితమైన తేదీ నుంచి నాలుగు నెలల్లోగా ఎవరైనా టీఎం-ఓ ఫారంలో అభ్యంతరం తెలపవచ్చు. ఆ నోటీసు అందిన రెండు నెలల్లో దరఖాస్తుదారు ప్రతివాదన పత్రం దాఖలు చేయాలి. ఈ గడువు 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలోని 21వ సెక్షన్‌లోనే ఉంది కనుక దాన్ని పొడిగించమని అడిగే దారి లేదు. 2023లో మద్రాసు హైకోర్టు ఒక కేసులో దరఖాస్తుదారు పక్షాన నిలిచింది. రిజిస్ట్రీ పంపానని చెప్పినంత మాత్రాన చాలదని, నోటీసు నిజంగా అందిన తేదీ నుంచే రెండు నెలలు లెక్కించాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకి వస్తాయి కాబట్టి ఈ తీర్పు మనకు దగ్గరిదే. అయితే హైకోర్టు దాకా వెళ్లగల స్తోమత ఎంతమంది చిన్న వ్యాపారులకు ఉంటుంది? తీర్పు ఉంది కదా అని మెయిల్ చూడటం మానేయకూడదు.

అందువల్ల దరఖాస్తులో ఒక ఉద్యోగి సొంత ఈమెయిల్ ఇవ్వకండి. కార్యాలయానికంతటికీ ఉమ్మడిగా ఒక చిరునామా పెట్టుకుని, దాన్ని కనీసం ఇద్దరు చూసేలా ఏర్పాటు చేసుకోండి. స్పామ్ పెట్టెను కూడా రోజూ తెరవండి. దీనితో పాటు వారానికొకసారి ప్రతి దరఖాస్తు సంఖ్యనూ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లోని స్థితి పేజీలో సరిచూడాలి. జర్నల్ సోమవారాల్లో వెలువడుతుంది కనుక మంగళవారం ఈ పనికి అనువైన రోజు. స్థితి పేజీలో కనిపించే ‘అబ్జెక్టెడ్’, ‘అపోజ్డ్’ అన్న రెండు మాటలనూ విద్యార్థులు తరచు ఒకటే అనుకుంటారు. మొదటిదానికి అర్థం పరీక్షాధికారి అభ్యంతరం చెప్పారని. రెండోదానికి అర్థం బయటి వ్యక్తి పోటీకి వచ్చారని. మొదటిదానికి ఒక నెల, రెండోదానికి రెండు నెలలు.

నెల అంటే ముప్పై రోజులు కాదు

1897 జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం నెల అంటే క్యాలెండర్ నెల. మొదలయ్యే రోజును లెక్కలోంచి తీసేస్తారు. 2025 ఫిబ్రవరి 14న నివేదిక అందితే జవాబుకు చివరి రోజు మార్చి 14. ముప్పై రోజులని లెక్కపెట్టినవారికి మార్చి 16 వస్తుంది, అంటే రెండు రోజులు ఆలస్యం. జనవరి 31న అందితే ఆ ఏడాది చివరి రోజు ఫిబ్రవరి 28 అవుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో తేదీకి 30 కలిపే సూత్రం రాసుకున్న కార్యాలయాలు ఇక్కడే దెబ్బతింటాయి. నెలలను కలిపే ఈడేట్ సూత్రాన్ని వాడితే ఈ ఇబ్బంది ఉండదు. చివరి రోజు కార్యాలయానికి సెలవైతే మరుసటి పనిదినాన దాఖలు చేయవచ్చని అదే చట్టం చెబుతుంది. కానీ ఇప్పుడు దాఖలంతా ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది, పోర్టల్‌కు ఆదివారం లేదు. ఆ వెసులుబాటును నమ్ముకోకపోవడమే మంచిది.

రిజిస్టరులో ప్రతి గడువుకూ రెండు తేదీలు రాయండి. ఒకటి చట్టం ఇచ్చిన చివరి తేదీ, రెండోది దానికి కనీసం వారం ముందు మీరు పెట్టుకున్న తేదీ. చివరి రాత్రి పోర్టల్ మొరాయిస్తే ఆ వారమే మిమ్మల్ని కాపాడుతుంది.

పేటెంట్లలో గడువులు పొడవుగా ఉంటాయి, అందుకే మరపుకు వస్తాయి. తాత్కాలిక వివరణ పత్రం దాఖలు చేసిన 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. పరీక్ష కోసం విడిగా అభ్యర్థన పెట్టాలి. దీనికి ఇదివరకు 48 నెలలు ఉండేవి. 2024 మార్చి 15 నుంచి దాఖలైన దరఖాస్తులకు ఆ గడువు 31 నెలలు. ప్రాధాన్య తేదీ, దాఖలు తేదీ ఈ రెండిట్లో ముందున్నదాని నుంచి లెక్కించాలి. 2024 ఏప్రిల్ 10న నేరుగా భారతదేశంలోనే మొదటిసారి దాఖలు చేసిన దరఖాస్తుకు చివరి రోజు 2026 నవంబర్ 10 అవుతుంది. అభ్యర్థన పెట్టకపోతే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్లు పరిగణిస్తారు. పాత 48 నెలల లెక్క గోడమీది పట్టికలో ఇంకా వేలాడుతుంటే వెంటనే తీసేయండి. మొదటి పరీక్షా నివేదికకు జవాబు గడువు ఆరు నెలలు. ఆ గడువులోపే ఫారం 4 పెట్టి రుసుము కడితే మరో మూడు నెలలు దొరుకుతాయి.

దాఖలుకు ముందు

గుంటూరులో ఆవకాయ, కారప్పొడి అమ్మే ఒక చిన్న సంస్థ మీ దగ్గరకు వచ్చిందనుకుందాం. రెండూ వంటింటి సరుకులే కదా అని ఒకే తరగతి రాస్తే తప్పు. 45 తరగతుల నైస్ వర్గీకరణలో పచ్చళ్లు 29వ తరగతిలో, మసాలా పొడులు 30వ తరగతిలో వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఈ-ఫైలింగ్ రుసుము తరగతికి 4,500 రూపాయలు, కాబట్టి ఇక్కడ 9,000 అవుతుంది. తర్వాత కలుపుకోవచ్చులే అనుకోవద్దు. దరఖాస్తులో లేని సరుకులను సవరణ పేరుతో చేర్చనివ్వరు. మార్కు రూపాన్ని చెప్పుకోదగినంతగా మార్చడానికీ ఒప్పుకోరు.

పేరు తెలుగు లిపిలో ఉంటే దాని ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాసి, అది ఏ భాషో చెప్పాలి. లోగో బొమ్మ 8 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు మించకూడదు. ముందుగా చేసే శోధనలో మన పేర్లతో ఒక చిక్కు ఉంది. శ్రీనివాస అన్న పేరును ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. పద శోధనతో ఆపకుండా ధ్వని శోధన కూడా చేసి, మీకు తోచిన అక్షరక్రమాలన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. ఈ పనికి పట్టే గంట తర్వాతి అభ్యంతరాల ఖర్చుతో పోలిస్తే చాలా చవక.

సంతకం, రసీదు

దాఖలుకు వాడే క్లాస్ 3 డిజిటల్ సంతకం ఒక చిన్న యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. దానికీ గడువు ఉంటుంది కనుక ఆ తేదీని కూడా అదే రిజిస్టరులో రాసుకోండి. ప్రతివాదన చివరి రోజున టోకెన్ కాలం చెల్లిందని తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. టోకెన్‌ను, దాని సంకేతపదాన్ని కలిపి గుమాస్తాకు అప్పగించే అలవాటు చాలా చోట్ల కనిపిస్తుంది. దానితో పెట్టిన ప్రతి సంతకమూ చట్టం దృష్టిలో మీదే.

బ్యాంకు ఖాతా నుంచి డబ్బు వెళ్లినంత మాత్రాన దాఖలు పూర్తయిందని అనుకోకండి. రసీదు పీడీఎఫ్‌ను దించుకుని, దరఖాస్తు సంఖ్య, తేదీ, పత్రం పేరు వరుసగా వచ్చేలా ఫైలుకు పేరు పెట్టి రెండు చోట్ల దాచండి. మరునాడు స్థితి పేజీలో ఆ పత్రం చేరిందో లేదో చూడండి. చేరకపోతే రసీదు జతచేసి అప్పుడే రిజిస్ట్రీకి రాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక ట్రేడ్‌మార్కు దరఖాస్తుపై పరీక్షా నివేదిక 2025 జనవరి 31న ఈమెయిల్‌లో వచ్చింది. మరో మార్కుపై అభ్యంతర నోటీసు అదే రోజు అందింది. మూడో ఫైలులో పేటెంటు మొదటి పరీక్షా నివేదిక కూడా ఆ రోజునే జారీ అయింది. మూడింటికీ చట్టపరమైన చివరి తేదీలను, మీరు రిజిస్టరులో రాసుకునే ముందస్తు తేదీలను లెక్కకట్టండి. వీటిలో దేనికి పొడిగింపు అడగవచ్చో, దేనికి అడగడానికి వీల్లేదో కారణంతో సహా రాయండి.