మీటింగులో మొహమాటం పనికిరాదు

మహిళా సంఘమో, అపార్ట్‌మెంట్ అసోసియేషనో, స్కూలు కమిటీయో... ఏదో ఒక పాలకవర్గంలో మనలో చాలామందికి చోటు దక్కుతోంది. సంతోషమే! కానీ కుర్చీతోపాటు ఒక చిక్కూ వస్తుంది. సంఘం కొనాల్సిన సరుకు మా వారి కొట్లోదే అయితే? అప్పు అడిగింది సొంత చెల్లెలే అయితే? ఒకపక్క సంఘం మేలు, మరోపక్క ఇంటి మేలు. రెండు పడవల మీద కాళ్లన్నమాట.

నేను ఒక పొదుపు సంఘానికి కార్యదర్శిని. తొమ్మిదిమంది డైరెక్టర్లం. కిందటేడు కుట్టు శిక్షణకని ఆరు మిషన్లు కొనాలనుకున్నాం. మాలో ఒకావిడ భర్తకి మిషన్ల షాపుంది. "మనవాళ్లుండగా బయటెందుకు? తగ్గించి ఇప్పిస్తాలే" అందావిడ. మంచి మనసుతోనే అంది. అందరూ తలలూపారు. కాదంటే ఆవిడ నొచ్చుకుంటుంది. సరేనంటే రేపు సభ్యులు "డైరెక్టర్లు పంచుకు తిన్నారు" అంటారు. ఆ డబ్బు వాళ్లు కూలిడబ్బుల్లోంచి నెలనెలా దాచుకున్నది మరి.

"వదినా, మీమీద అనుమానం కాదు. రేపు మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనకూడదనే" అన్నాను. "అంటే నేను దొంగనా?" అని ముఖం ముడుచుకుంది. మెల్లగా నచ్చజెబితే ఒప్పుకుంది. మూడు షాపుల నుంచి సీలు కవర్లలో కొటేషన్లు తెప్పించాం. కవర్లు విప్పేటప్పుడు ఆవిడ బయట వరండాలో కూర్చుంది. తమాషా ఏమిటంటే, వాళ్ల ధరే తక్కువ! అక్కడే కొన్నాం. మూడు ధరలూ, ఆవిడ చర్చలో లేదన్న సంగతీ మినిట్స్ పుస్తకంలో రాశాం. మహాసభలో ఒక సభ్యురాలు నిలదీస్తే పుస్తకం ఆమె చేతికే ఇచ్చాం. చదివి, మారుమాట లేకుండా కూర్చుంది.

కోట్లు తిరిగేచోట కూడా ఇదే తంటా. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ గుర్తుందా? ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆ బోర్డు 2008 డిసెంబరు 16న ఆమోదం తెలిపింది. వాటాదారులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. కొనుగోలుకు వ్యతిరేకంగా ఓటు వేయనందుకు నైతిక బాధ్యత తీసుకుంటూ స్వతంత్ర డైరెక్టరు మంగళం శ్రీనివాసన్ ఆ నెలలోనే రాజీనామా చేశారు. 2009 జనవరి 7న దొంగ లెక్కల బండారం బయటపడింది.

పెద్ద కంపెనీలకు ఇప్పుడు చట్టమే ఉంది. 2013 కంపెనీల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, డైరెక్టరు తనకు ఫలానా వ్యవహారంలో ప్రయోజనం ఉంటే బోర్డుకు చెప్పాలి. పబ్లిక్ కంపెనీ అయితే ఆ చర్చలో పాల్గొనకూడదు. మన చిన్న సంఘాలకూ ఈ పద్ధతి బాగానే అతుకుతుంది.

ఇలా చేసి చూడండి:

* ఏటా మొదటి మీటింగులోనే ప్రతి ఒక్కరూ తమ ఇంటివాళ్ల వ్యాపారాలు, ఉద్యోగాలు ఏమిటో రాసివ్వాలి. అధ్యక్షురాలితో సహా!

* తనవాళ్ల విషయం వచ్చినప్పుడు ఎవరూ అడక్కముందే చెప్పి, బయటికి వెళ్లాలి. ఎదురుగా ఉంటే మిగతావాళ్లకి నోరు పెగలదు.

* బయటికి వెళ్లినవాళ్లు పోను, తీర్మానానికి సరిపడా సభ్యులున్నారో లేదో చూసుకోవాలి.

* ఎవరు వెళ్లారు, ఎందుకు వెళ్లారు, ఏ ధర ఎందుకు ఒప్పుకున్నారు... అన్నీ మినిట్స్‌లో రాయాలి.

* నిర్ణయం నచ్చకపోతే ఆ మాటా రాయించాలి. ఇంటికెళ్లి పక్కావిడతో చెప్పుకుంటే లాభం లేదు.

అన్నట్టు, తనవాళ్లుండటం తప్పేమీ కాదు. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి చుట్టాలుండరా? దాచడమే తప్పు. నిబంధన అందరికీ ఒకటే అయినప్పుడు ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు. ఈసారి మీ సంఘం మీటింగులో మొదటి అంశంగా ఇదే పెట్టించండి.