అల్పపీడనము పుట్టుచోట

కార్తికమాసము వచ్చెనన్న మా పడమటి నెల్లూరు మెట్టగ్రామములలో ప్రతి యింటను ఒక మాట వినబడుచుండును: "అండమాను సముద్రములో అల్పపీడనమట!" ఆ మాట చెవినిబడినతోడనే ఉదయగిరి రైతు ఆకాశమువంక చూచును, ఆత్మకూరు గృహిణి ఎండబెట్టిన వడియములెత్తి లోపల పెట్టుకొనును. మా సీమకు వానలు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల మూలముననే లభించుచున్నవి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు బంగాళాఖాతము దయదలచినయెడల చెరువులు నిండును. దయదలపనియెడల బావులు సైతము అడుగంటును. ఇట్లు తరతరములుగా అండమానన్నది మాకొక వానకబురే గాని, మనవంటివారు కాపురములు చేయు తావని తోచియుండలేదు.

అట్టి దీవులకు మేము దంపతులము విహారార్థము పోదలచితిమని చెప్పగా బంధువులు విస్తుపోయిరి. మాకు వివాహమై ఇరువదియైదేండ్లు గడచినవి. పుట్టినిల్లు ఉదయగిరి, మెట్టినిల్లు ఆత్మకూరు. తిరుపతికి, శ్రీశైలమునకు, పెండ్లిండ్లకు, పురుళ్లకు పోయియుంటిమే గాని, ఏ మ్రొక్కును ఏ పనియు లేక కేవలము ఇద్దరము కలసి నాలుగుదినములు గడుపుటకై గడప దాటినది లేదు. "కాలాపానికి ఎవరైన కోరి పోవుదురా?" అని ఒక పెద్దమ్మగారు బుగ్గలు నొక్కుకొనిరి. మా అత్తగారు మాత్రము, "పిల్లలు పెద్దవారైరి. ఇప్పుడు గాక యెప్పుడు పోవుదురు? నా కంటి శుక్లము తీయించుట శనివారమునకు గదా, అప్పటికి వచ్చెదరు లెండి" అని అనుజ్ఞ యిచ్చిరి. శుక్రవారమునకే తిరిగివచ్చునట్లు ఆరుదినములకు ప్రయాణము నిర్ణయమయ్యెను.

ఆ పెద్దమ్మగారి మాటయు నిరాధారమైనది కాదు. దీవుల ముఖ్యపట్టణమగు పోర్టుబ్లేరులో (దీనికి 2024లో శ్రీ విజయ పురమను పేరు పెట్టబడినది) 1906లో పూర్తియైన సెల్యులారు జైలును మేము మొదటనే చూచితిమి. చక్రపు ఆకులవలె ఏడు దిక్కులకు సాగిన ఏడు భాగములలో నేడు మూడే మిగిలియున్నవి. ఒక గది ముఖము వేరొక గదికి కానరాకుండ కట్టిరి. మనుష్యునకు మనుష్యుని మొగమే కనబడనీయకుండుట అచటి ప్రధానశిక్ష. అల్లూరి సీతారామరాజు అనుచరులలో నొకడగు గాము మల్లుదొర ఈ దీవులలో శిక్ష ననుభవించి, స్వరాజ్యము వచ్చిన తరువాత 1952లో లోకసభకు ఎన్నికయ్యెను. ఆ గదులలో నొకదాని గడప దాటి లోన నిలిచినప్పుడు మా యిద్దరికిని మాట పెగలలేదు.

అయినను వీధిలోనికి వచ్చినతోడనే మనసు తేటపడెను. ఏలయన, కూరగాయల అంగడిలో తెలుగు వినబడెను! 2011 జనాభా లెక్కలనుబట్టి ఈ దీవులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. వీరిలో అనేకులు శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి చేపలవేటకును, కూలిపనులకును వచ్చి స్థిరపడిన కుటుంబములవారు. చెన్నపట్టణమునుండి విమానము రెండుగంటల పైచిలుకులో తెచ్చిన మాకు, ఓడలో మూడుదినములు ఊగుచు వచ్చిన వారి పెద్దల కష్టము తలచుకొనిన జాలి గలిగెను.

మరునాడు కార్తిక సోమవారము. ఉపవాసముండి నక్షత్రదర్శనమైన పిదప భుజించుట మా యింటి ఆచారము. ఆ దినముననే హేవ్‌లాక్ దీవికి (2018నుండి దీని పేరు స్వరాజ్ ద్వీపము) ఓడ యెక్కితిమి. సముద్రము పొంగుగా నుండెను. ఓడ కదలిన అరగంటకే మావారికి తలతిరుగుట, వాంతులు మొదలాయెను. ఓడలో సగముమంది స్థితియు నదియే. ఉపవాసముననున్న మాకు మాత్రము ఏ బాధయు కలుగలేదు. సంచిలోని అల్లపుముక్క ఉప్పద్ది వారి నోట బెట్టి, ఓడ నడుమభాగమున కూర్చుండబెట్టి, దూరముననున్న గట్టుమీద చూపు నిలుపుడని చెప్పితిమి. ఓడకు ముందువెనుకల కంటె నడుమ ఊపు తక్కువ. రేవు చేరునప్పటికి వారు తేరుకొని, "నీ సోమవారమే నిన్ను కాపాడినది" అని నవ్విరి.

ఆ సాయంకాలము మరియొక వింత. గడియారము ఇంకను అయిదు కొట్టకమునుపే సూర్యుడు అస్తమించెను. కొంతసేపటికి నక్షత్రములు పొడచూపెను. కారణము సులభము. ఈ దీవులు ఆత్మకూరికి పదుమూడు డిగ్రీలు తూర్పుగా నున్నవి. ఒక్కొక్క డిగ్రీకి నాలుగేసి నిమిషముల చొప్పున, సూర్యుడు మనకంటె సుమారు ఏబది నిమిషములు ముందుగా అచట ఉదయించి ముందుగా అస్తమించును. దేశమంతటికి గడియారమొక్కటియే గాని సూర్యుడు గడియారమునుబట్టి నడువడు గదా! ఇంటివద్ద అత్తగారింకను వాకిట నిలిచి చుక్కలకై చూచుచుండగా, ఇచట మా భోజనము ముగిసెను. ఆ భోజనము కొరకై పడిన పాట్లు వేరు. బసలో చేపలు లేని వంటకము దొరకుట కష్టమయ్యెను. తుదకు అన్నము, అరటిపండు, కొబ్బరి, ఇంటినుండి తెచ్చిన నిమ్మకాయ ఊరగాయ మాకు విందాయెను.

స్వరాజ్ ద్వీపమున రాధానగర్ తీరపు తెల్లని యిసుకయు, చెంతనే దట్టముగా పెరిగిన ఎత్తైన చెట్లును వర్ణింప మాకు శక్తి చాలదు. మైపాడు సముద్రము చూచిన కన్నులకు ఆ నీటి రంగు నమ్మశక్యము కాలేదు. కాని అసలు పరీక్ష నాలుగవనాడు, కార్తికపౌర్ణమినాడు, నీల్ దీవిలో ఎదురయ్యెను. ఆ దీవి పేరు ఇప్పుడు షహీద్ ద్వీపము. అచట సముద్రతీరమున వంతెనవలె వంగిన ఒక పెద్ద రాతికమాను కలదు. పోటు తీసి ఆటు వచ్చినప్పుడు మాత్రమే దానిని చేరవీలగును. దారి పొడుగునను మృతపవడపు రాళ్లు, పాచి, గుంటలు. సముద్రము దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తీయును. పౌర్ణమి, అమావాస్యలయందు ఆ హెచ్చుతగ్గులు మరింత అధికము.

మమ్ము తీసికొనిపోవలసిన బండివాడు రెండుగంటలకు రావలసియుండగా నాలుగు దాటిన పిమ్మట వచ్చెను. "ఆరుగంటలవరకు నీరు రాదు, భయములే"దని అతడు ప్రమాణపూర్వకముగా చెప్పెను. మేము రాతికమాను చూచి మరలునప్పటికే సూర్యుడు క్రుంకెను; పూర్ణచంద్రుడు మబ్బుల మాటుననుండెను. వచ్చినప్పుడు పొడిగానున్న గుంటలలో నీరు కదలుచుండెను. మావారు ఒక రాతిపై కాలుమోపగా పాచికి జారి పడిరి. పవడపురాయి మడమను కోసివేసెను. నెత్తురు కారుచుండెను, నీరు మోకాలి బంటి చేరెను, దారి ఏది, గుంట ఏది తెలియదు. మేము వారి చేయి గట్టిగా పట్టుకొని "వేంకటేశ్వరా!" యని కేకవేసితిమి.

ఆ కేకయే మమ్ము కాపాడెను. గట్టుమీద కొబ్బరిబొండములమ్ము నొకామె తన అంగడి కట్టివేయుచు, మా తెలుగు విని లాంతరు పట్టుకొని పరుగున వచ్చినది. "ఓలమ్మా! ఆ దోవన రాకండి, నీరొచ్చేస్తాది! ఎడమపక్క గట్టెక్కండి!" అని దారి చూపెను. ఆమె చెప్పినట్లు చెట్లవేళ్లు పట్టుకొని పైకెక్కితిమి. మరి కొంతసేపటికి మేము నిలిచిన చోట అలలు కొట్టుచుండెను.

ఆమె శ్రీకాకుళపు తీరమునుండి ముప్పదియేండ్ల క్రిందట కోడలుగా వచ్చినదట. తన యింటికి తీసికొనిపోయి మంచినీటితో గాయమును చాలసేపు కడిగెను. పవడపు తునకలు లోన మిగిలినయెడల పుండు చీము పట్టును, అందువలన మొదట కడుగుటయే ముఖ్యమని చెప్పి, వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు తోడువచ్చెను. అచట కట్టుకట్టి ధనుర్వాతపు సూదిమందు వేసిరి. ఆ రాత్రి ఆమె తులసికోటవద్ద దీపము వెలిగించుచు, 2004 డిసెంబరు 26వ తేదీన చంటిబిడ్డను చంకనెత్తుకొని మెరకకు పరుగెత్తిన కథ చెప్పెను. ఆనాడు సునామీ మన నెల్లూరు తీరమును గూడ తాకినది గదా. "సముద్రము చెడ్డదికాదమ్మా. దానికి వేళలున్నాయి. ఆ వేళ మనం ఎరగాల" అని ఆమె యనిన మాట మేము మరువజాలము.

మరునాడు తెల్లవారునప్పటికి గాలి హెచ్చెను. అండమాను సముద్రమున అల్పపీడనమేర్పడినదనియు, ఓడలు నిలిపివేయబడినవనియు రేవులో ప్రకటించిరి. మనము ఇంటివద్ద వినుచుండు వార్త! ఈమారు దాని నడుమ మేమే యుంటిమి. గురువారము ఓడ లేదు, శుక్రవారము లేదు. విమానము మమ్ము విడిచి పోయెను. టికెట్టు సొమ్ములో చాలభాగము మునిగెను. బసవారు గది అద్దె ఇనుమడింపజేసిరి. కరెంటు పోయెను, ఫోను ఒకమారు పలికి పదిమారులు మూగవోవును. శనివారమున అత్తగారికి శస్త్రచికిత్స. కొడుకు, కోడలు ఇరువురును దగ్గరలేక ఆమె ఎట్లుందురోయని మాకు కంటిమీద కునుకు లేదు.

ఆ రెండుదినములు మేము మాటలాడుకొనినంతగా ఇరువదియైదేండ్లలో మాటలాడుకొని యుండలేదు. వారు కదలరాదు, మేము వండరాదు, చేయదగిన పని యేదియు లేదు. పెండ్లియైన తొలియేట తన జీతమంతయు చెల్లెలి వివాహపు టప్పునకు పోవుచుండగా, మమ్మెక్కడికిని తీసికొనిపోలేకపోతినని వారు లోన దాచుకొనిన బాధ అప్పుడు బయటపడెను. సంసారపు హడావుడిలో ఆ మాటకు తావే దొరకలేదు. కృష్ణదేవరాయలు మా ఉదయగిరి దుర్గమును ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచెనందురు. ఎదురుచూచుట మాయూరివారికి క్రొత్తగాదని చెప్పుకొని నవ్వుకొంటిమి.

శుక్రవారము రాత్రి ఫోను కలిసెను. అత్తగారి గొంతు ఉత్సాహముగా నుండెను. "అమ్మాయీ! ఇచట రేయింబవళ్లు వాన. చెరువు కలుజు పారుచున్నది. ఎన్నాళ్లకు చూచితిమే యీ నీరు! వైద్యులు నా కన్ను వచ్చేవారమునకు మార్చిరి. వాని కాలు మానువరకు తొందరపడకుడు." మాకు దిగ్గున తోచినది. మమ్ము దీవిలో బంధించిన ఆ మబ్బే పడమరకు సాగి మా మెట్టచేలను తడుపుచున్నది! అచటి మా నష్టము కొన్నివేల రూపాయలు. ఇచటి లాభము ఒక యేటి పంట.

శనివారము ఓడ కదలెను, ఆదివారము విమానమెక్కితిమి. ఉదయగిరి స్త్రీలు చెక్కిన కొయ్యగరిటెలు, చెంచాలు కొన్ని మా పెట్టెలో నుండగా, అవి మమ్ము కాపాడిన ఆ తల్లికి ఇచ్చివచ్చితిమి. పవడములు మాత్రము ఒక్క తునకయైనను తేలేదు. వానిని తీయుట వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. సజీవపవడము ఒక కాలితాకుడుకే చచ్చును.

దీవులకు పోదలచు సోదరీమణులకు మా మనవి. నిర్ణయించుకొనిన దినములకు పైన రెండుదినములు చేతనుంచుకొనుడు; తిరుగు విమానమునకు ముందునాటికే పెద్దపట్టణము చేరియుండుడు. ఆటుపోటుల వేళను బండివానినే గాక తీరమున కాపురమున్నవారిని గూడ అడుగుడు. సాయంకాలపు నడక నాలుగుగంటలకే ముగింపుడు. రాళ్లపై నడువ గట్టి రబ్బరు జోళ్లు, గాయము కడుగ మంచినీరు, కొంత చేతిసొమ్ము, అల్లము దగ్గరనుంచుకొనుడు. ఇవన్నియు నున్నను ఓడ నిలిచిపోవచ్చును. అట్లు నిలిచినయెడల మీవారి ప్రక్కన కూర్చుండి, వారెన్నడును చెప్పని మాటను చెప్పనిండు.