పెరట్లో కోళ్ళు - వీధంతా కాపలా

అక్కచెల్లెళ్ళూ! పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి గుప్పెడు నూకలు చల్లితే, ఎక్కడెక్కడి కోళ్ళూ రెక్కలు కొట్టుకుంటూ పరుగెత్తుకొస్తాయి చూడండి, ఆ ముచ్చట పెంచినవాళ్ళకే తెలుస్తుంది. మాది శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు. సముద్రం ఒడ్డు ఊరు. ఇంటర్ చదివి ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో కోళ్ళంటే నాకు చిరాకే. మా అత్తగారు ఇచ్చిన ఒక్క పెట్టతో మొదలైన సరదా ఇప్పుడు ఇరవై కోళ్ళయింది.

సరదాయే కాదండీ, అవసరం కూడా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ ఇంటి దగ్గరే ఉంటారు. అప్పుడు గుడ్ల డబ్బులే కూరగాయలకు ఆసరా. జూన్ లో బడి పుస్తకాలు కొనేది పుంజులమ్మిన డబ్బుతోనే.

నాలుగేళ్ళ కిందట ఆ లెక్క తారుమారైంది. మార్చి నెలలో ఒక పెట్ట రెక్కలు వాల్చి మూల కూర్చుంది. మర్నాటికి పచ్చటి విరేచనాలు, మెడ వంకర తిరిగిపోవడం. వారం తిరక్కుండా పద్దెనిమిది కోళ్ళు పోయాయి. ఎదురింటి వదిన అంతకు ముందే సంతలో ఓ కోడిని కొని తెచ్చింది. ఇంకేముంది, "నీ సంత కోడే మా కొంప ముంచింది" అని వీధిలోనే అనేశాను. ఆవిడ ఊరుకుంటుందా? "ఒలమ్మీ, నీ చచ్చిన కోళ్ళని దిబ్బ మీద పారేసినావు. కుక్కలు వీధంతా ఈడ్చినాయి. నా కోళ్ళకి నీ వల్ల రాలేదని ఏటి నమ్మకం?" అంది. నిజమే. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మూడు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు.

పశువుల డాక్టరు గారు చెప్పాక తెలిసింది, అది కొక్కెర వ్యాధి అని. 1926లో ఇంగ్లాండులోని న్యూకాజిల్ లో కనిపించింది కాబట్టి ఆ పేరుతోనూ, మన దేశంలో రాణీఖేత్ పేరుతోనూ పిలుస్తారు. వస్తే మందు లేదు. రాకుండా టీకా మాత్రం ఉంది.

ఒక సీసా, పది ఇళ్ళు

పిల్లలకు ఏడో రోజున లసోటా టీకా కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క వెయ్యాలి. నాలుగో వారంలో మరోసారి. ఎనిమిదో వారంలో ఆర్ టూ బి టీకా రెక్క కింద సూదితో వేయించాలి. జబ్బుపడిన కోడికి వెయ్యకూడదు.

చిక్కల్లా ఎక్కడంటే, ఒక్క సీసాలోనే వంద కోళ్ళకో అంతకు మించో సరిపడా మందుంటుంది. కలిపాక గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి. పది పిల్లలున్న ఇల్లాలు "అంత మందు నాకెందుకు" అని మానేస్తుంది. నేనూ అలాగే మానేశాను! ఆఖరికి సిగ్గు విడిచి ఎదురింటి వదిన దగ్గరికే వెళ్ళాను. ఇద్దరం కలిసి మరో ఎనిమిది ఇళ్ళు తిరిగాం. "కోడికి కూడా మందేటమ్మీ!" అని మా అత్తగారు నవ్వారు. సీసా చల్లగా ఉండాలి కదా, మా ఊళ్ళో చేపల కోసం ఐసు ఎలాగూ దొరుకుతుంది. ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి తెచ్చి, సాయంత్రం చల్లబడ్డాక అందరి కోళ్ళకీ వేయించాం. అప్పట్నుంచీ వీధిలో ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

పొదిగించడం

వారం లోపు గుడ్లనే పొదగెయ్యాలి. గంపలో బూడిద చల్లి, ఎండుగడ్డి పరిచి, పెట్ట సైజుని బట్టి పది, పన్నెండు గుడ్లు పెట్టండి. ఏడో రోజు రాత్రి టార్చిలైటు వెలుగులో గుడ్డుని చూస్తే ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. ఏమీ కనిపించనివి తీసెయ్యండి. 21వ రోజుకి పిల్లలు బయటికొస్తాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వారి వనరాజా, గ్రామప్రియ కోళ్ళు గుడ్లు బాగా పెడతాయి గాని పొదగడానికి కూర్చోవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టండి. అందుకే గుడ్లు తక్కువైనా ఓపిగ్గా పొదిగే పెట్టను అమ్ముకోకండి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఏడాదికోసారి వేరే ఇంటివాళ్ళతో పుంజుని మార్చుకుంటే పిల్లలు బలంగా పుడతాయి.

మేత

నూకలు, చోళ్ళు, ఆకుకూరల కాడలు చాలు. గుడ్డు పెంకు గట్టిపడడానికి సముద్రం గుల్లలు కడిగి, ఎండబెట్టి, నలగ్గొట్టి వెయ్యండి. ఎండు చేప మంచిదే గాని, ఉప్పు చేప పెట్టకండి. ఉప్పెక్కువైతే పిల్లలు చచ్చిపోతాయి.

కొత్త కోడిని కొంటే రెండు వారాలు విడిగా గంప కింద ఉంచండి. చచ్చిన కోడిని దిబ్బ మీద పారెయ్యకుండా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

ఇప్పుడు టీకా రోజున ఫ్లాస్కు నాది, ఐసు వదినది. మీరూ కోళ్ళు పెంచుతుంటే, ముందు పక్కింటి తలుపు తట్టండి. కోడికి గోడలు తెలియవు, జబ్బుకీ తెలియవు. కాపలా కూడా గోడ దాటి ఉండాలి మరి!