ఏసీకి తెలివొస్తే చాలదు, నిద్రపోయేవాడు కనపడాలి

2018 జూన్ 26. మస్కట్‌కు ఆగ్నేయంగా సముద్రం ఒడ్డున ఉన్న ఖురయ్యాత్ ఊళ్లో ఆ రోజు ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారి కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీల కిందికి దిగలేదు. తెల్లవారుజామున కూడా అంతే. మన జగిత్యాలలో, రాయచోటిలో మే నెల మిట్టమధ్యాహ్నం ఉండే వేడి అక్కడ అర్ధరాత్రి ఉందన్నమాట. ఇలాంటి చోట ఏసీ సోకు కాదు. ఒమన్‌లో ఎండాకాలం భవనాలు తాగే కరెంటులో సగానికి పైగా చల్లదనానికే పోతుంది.

చాలా ఏళ్లు ఈ ఖర్చును ఎవరూ పట్టించుకోలేదు. ఇళ్లకు మొదటి మూడు వేల యూనిట్ల దాకా యూనిట్ పది బైసాలే. అంత చవకైనప్పుడు స్విచ్ ఆపేదెవరు? 2017 జనవరిలో లెక్క మారింది. ఏడాదికి లక్షన్నర యూనిట్లు దాటి వాడే ప్రభుత్వ, వాణిజ్య, పారిశ్రామిక కనెక్షన్లకు సబ్సిడీ తీసేసి, నెలను బట్టి, గంటను బట్టి రేటు పెట్టారు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు బాగా ప్రియమైంది. 2021 జనవరి నుంచి ఇళ్ల సబ్సిడీ కూడా తగ్గించడం మొదలైంది. అప్పటినుంచే మా సైట్లలో సెన్సార్ల పెట్టెలు ఎక్కువగా దిగుతున్నాయి.

సైట్లో మేం చూసేది

మనోళ్లలో చాలామంది బీఎంఎస్ అనే మాట వినే ఉంటారు. భవనంలోని చిల్లర్లు, పంపులు, ఫ్యాన్లు, లైట్లు అన్నింటినీ ఒక కంప్యూటర్‌కు కట్టే ఏర్పాటు అది. మీటింగ్ హాల్లో జనం లేకపోతే చల్లటి నీళ్ల వాల్వు మూస్తుంది. జనం ఊపిరి వల్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే బయటి గాలి ఎక్కువ తెస్తుంది, లేకపోతే తగ్గిస్తుంది. బయటి గాలి అంటే ఇక్కడ నిప్పుల కొలిమి గాలి, దాన్ని చల్లబరచడానికే బోలెడు కరెంటు కావాలి. రేటు పెరిగే వేళకు ముందే భవనాన్ని బాగా చల్లబరిచి, ఆ తర్వాత చిల్లర్ జోరు తగ్గించే పని కూడా చేస్తుంది. కాంక్రీటు ఆ చలవను కొంతసేపు పట్టి ఉంచుతుంది.

చెప్పడానికి బాగానే ఉంది. కానీ ఈ తెలివంతా చివరికి మన చేతుల్లోంచే పోవాలి. పెయింటర్ సెన్సార్ మీద కూడా ఒక కోటు వేసేస్తే దానికి మనిషి కనపడడు. పడమటి గోడకు థర్మోస్టాట్ బిగిస్తే అది గది వేడి కాదు, గోడ వేడి చెబుతుంది. పాంట్రీలో కెటిల్ పైన పెట్టారంటే టీ కాచినప్పుడల్లా ఆ అంతస్తంతా గడ్డకట్టాల్సిందే! డక్టు జాయింటు దగ్గర ఇన్సులేషన్ నాలుగంగుళాలు వదిలేసి ఫాల్స్ సీలింగ్ మూసేస్తే అక్కడ చెమ్మ పట్టి నీళ్లు కారతాయి, చలవ సీలింగ్‌కే పోతుంది. అందుకే మేం పెయింటింగ్ గ్యాంగ్ రాకముందే ప్రతి సెన్సార్‌కు ప్లాస్టిక్ తొడిగిస్తాం. పది నిమిషాల పని.

రంజాన్ నెలలో ఇంకో సంగతి. ఆఫీసు వేళలు తగ్గిపోతాయి, బీఎంఎస్‌లో టైమింగ్ మాత్రం ఎవరూ మార్చరు. ఖాళీ కుర్చీలకు సాయంత్రం దాకా ఏసీ ఆడుతూ ఉంటుంది.

గోడ సరిగ్గా లేకపోతే సెన్సార్ ఎంత తెలివైనదైనా దండగే. ఒమన్ పరిశోధన మండలి 2011లో విశ్వవిద్యాలయాలకు, కాలేజీలకు ఒక పోటీ పెట్టింది. ఏడాదిలో తాను వాడేంత కరెంటు తానే తయారు చేసుకునే ఇల్లు కట్టాలి. సుల్తాన్ ఖాబూస్, నిజ్వా, ధోఫార్ యూనివర్సిటీలు, మస్కట్ హయ్యర్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ, హల్బాన్‌లోని జర్మన్ యూనివర్సిటీ, అయిదూ కట్టాయి. పైన సోలార్ పలకలు అందరికీ కనపడతాయి. అసలు పని కిటికీ నీడలో, గోడ మందంలో, స్లాబు మీది ఇన్సులేషన్‌లో ఉంటుంది. నిజ్వా పాత మట్టి ఇళ్లు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. మన ఊళ్లలో మట్టి గోడల మిద్దెలు కట్టిన తాతలకూ కొత్త కాదు.

క్యాంపులో జరిగింది

ఇప్పుడు మన గదుల సంగతి. మాలో కొందరం ఉన్న ఒక క్యాంపులో బిల్లు పెరిగిందని టైమర్లు పెట్టారు. పొద్దున అయిదున్నరకు అందరూ బస్సెక్కుతారు కదా అని, ఆ టైముకు ఏసీలన్నీ బంద్. కానీ ఎండాకాలం కాంక్రీటు రాత్రిపూటే పోస్తాం. పగలు పోస్తే మిశ్రమం వేడెక్కి పగుళ్లొస్తాయి. ఆ గ్యాంగు ఆరింటికి గదికొచ్చి పడుకునేసరికి ఏసీ ఉండదు. రేకు కప్పు కింద ఆరుగురు. నిద్రలేని మనిషి ఆ రాత్రి మళ్లీ పరంజా ఎక్కాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఎండలో పని చేయించకూడదన్న రూలు ఉంది, మంచిదే. గదిలో నిద్రపోయేవాడికి మాత్రం ఏ రూలు రక్షణ?

గొడవ చేస్తే టైమర్లు తీసి కదలికను పట్టే సెన్సార్లు పెట్టారు. వేడి ఒంటితో మనిషి కదిలితేనే అది గుర్తిస్తుంది. ఒళ్లెరగకుండా నిద్రపోయేవాడు దాని లెక్కలో లేనట్టే. ఇరవై నిమిషాలకు ఏసీ ఆగేది, చెమటలు పట్టి ఒకడు లేచి చేతులు ఊపేవాడు. నిర్మల్ కుర్రాడొకడు టేబుల్ ఫ్యాన్ ముందు తువ్వాలు వేలాడదీశాడు. అది ఊగుతుంటే సెన్సార్ కొన్నిసార్లు మోసపోయేది. ఇక గదిలో ఎవరూ లేకపోయినా ఏసీ నడిచేది. పొదుపు చేయబోతే ఖర్చు పెరిగింది.

"అన్నా, వాళ్లకు మన డ్యూటీ టైములే తెల్వది, మిషినుకేం తెలుస్తది?" అన్నాడు మా ఎలక్ట్రీషియన్.

నిజం అదే. మేం నలుగురం కూర్చుని డ్యూటీ రోస్టర్ రాసి క్యాంప్ బాస్‌కు ఇచ్చాం. నైట్ గ్యాంగును ఒకే బ్లాకులోకి మార్చారు. ఆ బ్లాకుకు వేరే టైమింగ్, థర్మోస్టాట్ ఇరవై నాలుగు దగ్గర స్థిరం. గది తాళంచెవి కౌంటర్‌లో ఇస్తేనే ఏసీ బంద్. దీనికి పెద్ద ఖర్చేమీ కాలేదు. కుర్రాళ్లు కూడా పద్దెనిమిదికి తిప్పడం మానేశారు. మన దేశంలో 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ 24 డిగ్రీల సెట్టింగ్‌తోనే వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని అక్కడి ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. బిల్లు దిగిందని క్యాంప్ బాసే చెప్పాడు. రోస్టర్ ఇప్పుడు ప్రతి శుక్రవారం నోటీసు బోర్డు మీద ఉంటుంది.

చేతిపని ఉన్నవాళ్లకు

ఐటీఐ ఎలక్ట్రికల్ చేసి ఇక్కడ కేబుళ్లు లాగుతున్న తమ్ముళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ పనిలో దారి ఉంది. కంట్రోల్ ప్యానెల్ డ్రాయింగ్ చదవడం, సెన్సార్ వైరింగ్, బ్యాక్‌నెట్, మాడ్‌బస్ అంటే ఏమిటో తెలిస్తే హెల్పర్ కార్డు దగ్గరే ఆగిపోరు. ఇంటికి వెళ్లినా పని దొరుకుతుంది. 2011లో హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని రెండు సమాన భాగాలుగా కట్టింది. ఒకవైపు మామూలు ఏసీ, రెండోవైపు స్లాబులోనే గొట్టాలు పెట్టి చల్లటి నీళ్లు తిప్పారు. రెండో వైపు సుమారు మూడో వంతు కరెంటు తక్కువ పట్టింది. అలాంటి భవనాలను నడిపేవాళ్లు అక్కడా కావాలి.

మీ భవనం హ్యాండోవర్‌కు ముందు కమిషనింగ్ జరిగే వారం రోజులూ డ్యూటీ అయ్యాక ఒక గంట ఆగండి. ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే ఇంజినీర్‌కు నిచ్చెన పట్టుకునే మనిషి ఎప్పుడూ కావాలి. నిచ్చెన పట్టుకునే, ఈ వాల్వు ఎందుకు మూసుకుందని అడగండి. మాకు తెలిసినంతలో ఎక్కువమంది విసుక్కోకుండా చెబుతారు.