కదిలే బొమ్మను కుదించడం ఎలా?

ముగ్గు వేయడం మాటలతో నేర్పడం ఎవరి తరమూ కాదు. చుక్కలు పెట్టి, ఎడమనుంచి గీత లాగి, మూడో చుక్క దగ్గర మెలిక తిప్పమని ఎంత వివరించినా, నేర్చుకునే పిల్ల పిండి పట్టుకుని దిక్కులు చూస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని రెండుసార్లు వేసి చూపిస్తే మూడోసారి తనే వేస్తుంది. కంప్యూటరు తెరమీద చేసే పనులు కూడా ఇటువంటివే. "పై మూలనున్న గుర్తు నొక్కండి, జాబితాలో నాలుగోదానికి వెళ్ళండి" అని ఫోనులో ఎంతసేపు చెప్పినా, అవతలి పెద్దాయనకు ఆ మూల ఏదో, ఆ గుర్తు ఏదో అంతుపట్టదు.

అందుకే ఈ రోజుల్లో చాలామంది తెరమీద జరిగేదాన్ని జరిగినట్టే వీడియోగా పట్టి పంపుతున్నారు. మంచి పద్ధతే. కాని పది సెకన్ల పనికి బరువైన ఫైలు తయారవుతుంది. అందుకున్నవారు దాన్ని తెరవాలి, నడపాలి, అర్థం కాకపోతే మళ్ళీ మొదటికి తిప్పాలి. అంతకంటే, తెరవగానే తనంత తానే కదిలి, అయిపోగానే మళ్ళీ మొదలయ్యే చిన్న మూగబొమ్మ ఉంటే బాగుండును గదా! ఆ మూగబొమ్మ పేరే జిఫ్.

ఇది నిన్న మొన్నటి వస్తువు కాదు. 1987లో అమెరికాలోని కంప్యూసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం దీన్ని తయారు చేసింది. 1989లో మరికొన్ని మెరుగులు దిద్దారు. బొమ్మను ఆగకుండా తిరిగి తిరిగి ఆడించే ఏర్పాటు 1995లో నెట్‌స్కేప్ వారి బ్రౌజరుతో వచ్చింది. దీన్ని 'గిఫ్' అనాలా, 'జిఫ్' అనాలా అని ఇంగ్లీషు మాట్లాడేవారి మధ్య పెద్ద తగవే నడిచింది. 2013లో విల్‌హైటే 'జిఫ్' అని తీర్పు చెప్పాడు. అయినా తగవు తీరలేదు. కన్నవాడు పిలిచిన పేరే మనకు ప్రమాణం అనుకుందాం.

వీడియోను జిఫ్‌గా మార్చిపెడతామనే ఉచిత వెబ్‌సైట్లు ఎన్నో ఉన్నాయి. మన వీడియోను వాటికి అప్పగిస్తే క్షణంలో బొమ్మ చేతికిస్తాయి. అయితే ఒక్కమాట ఆలోచించండి. తెరను పట్టినప్పుడు మనం చూపదలచినదొక్కటే అందులో పడదు. పెన్షను కాగితం నింపే పద్ధతి చూపించబోతే బ్యాంకు ఖాతా అంకెలూ పడతాయి. మధ్యలో ఎవరో పంపిన సందేశం తెర మూలన తొంగిచూస్తుంది. ఊరూ పేరూ తెలియని చోటికి ఇవన్నీ పంపడమంటే, ఇంటి తాళంచెవిని దారిన పోయేవాడి చేతిలో పెట్టడమే.

ఇంట్లోనే, మన కంప్యూటరులోనే ఈ పని చేసుకునే సాధనం ఉంది. దాని పేరు ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫ్రాన్సు దేశస్థుడు ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో ప్రారంభించిన ఈ సాధనం పూర్తిగా ఉచితం. దీనికి మీటలూ బొమ్మలూ ఉండవు. కమాండ్ లైన్ అనే కిటికీ తెరిచి, ఒక వరుసలో ఆజ్ఞ టైపు చేయాలి. ముందు సాధనం పేరు, తరువాత వీడియో పేరు, ఆపైన చేయవలసిన పనులు, చివర పుట్టబోయే బొమ్మ పేరు — ఇంతే ఆజ్ఞ. చూడగానే బెదురు పుడుతుంది గాని, ఇందులో ఒక సుఖముంది. ఆవకాయ కొలతల్లాగా ఆ వరుసను పుస్తకంలో రాసి పెట్టుకోవచ్చు. ఒక వీడియోకు పనికివచ్చిన ఆజ్ఞ, పేరు మార్చితే నలభై వీడియోలకూ పనికివస్తుంది.

ఆజ్ఞలో చెప్పవలసినవి ముఖ్యంగా నాలుగు. వీడియోలో ఎక్కడనుంచి ఎక్కడిదాకా కావాలి? తెరలో ఏ భాగం కావాలి? సెకనుకు ఎన్ని ఫ్రేములు కావాలి? ఏ రంగులు కావాలి? పరికించి చూస్తే, ఈ నాలుగూ ఏది పారవేయాలో చెప్పేవే.

లెక్క వేసి చూడండి. మామూలు పెద్ద తెర అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే ఒక్క ఫ్రేములో 20,73,600 చుక్కలు. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున పది సెకన్లకు 300 ఫ్రేములు, మొత్తం 62 కోట్ల పైచిలుకు చుక్కలు. మనం చూపదలచిన గుర్తు చుట్టూ 640 చుక్కల వెడల్పు, 360 చుక్కల ఎత్తుగల ముక్క చాలుననుకుందాం. సెకనుకు 10 ఫ్రేములు చాలుననుకుందాం. అప్పుడు మిగిలేవి 2 కోట్ల 30 లక్షల 40 వేలు, అంటే సరిగ్గా ఇరవై ఏడో వంతు! ఫైలు బరువు అచ్చంగా ఇదే లెక్కన తగ్గదు గాని, ఎంత తేడా వస్తుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ తెలుగువారు మరీ గమనించవలసిన సంగతి ఒకటుంది. తెర మొత్తాన్ని కుదించడం వేరు, కావలసిన ముక్కను కత్తిరించడం వేరు. కుదిస్తే ఇంగ్లీషు అక్షరం చిన్నదైనా పోల్చుకోవచ్చు. మన 'ర'కూ 'ఠ'కూ భేదం కడుపులోని ఒక్క చుక్క. 'ప'కూ 'ఫ'కూ భేదం కిందనున్న చిన్న గీత. కుదింపులో ముందుగా మాయమయ్యేవి ఈ చుక్కలూ గీతలే. అంచేత ముందు కత్తిరించండి; తప్పనిసరి అయితేనే కుదించండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద 'క', పొల్లు, 'ష' వరుసగా నొక్కితే 'క్ష' ఎలా ఏర్పడుతుందో విద్యార్థికి చూపడానికి నాలుగు సెకన్ల బొమ్మ చాలు. అందులో పొల్లు కనబడకపోతే పాఠమే లేదు.

ఇక రంగుల సంగతి. జిఫ్‌లో ఒక ఫ్రేముకు 256 రంగులకు మించి పట్టవు. ఏ రంగులో మనం చెప్పకపోతే అన్నిటికీ ఒకే మూస రంగులు వాడి బొమ్మను వెలవెలబోయేట్టు చేస్తుంది. అందుచేత పని రెండు విడతలుగా చేయించాలి. 'ప్యాలెట్‌జెన్' అనే మాటతో వీడియో అంతా గాలించి తగిన రంగులు ఏరుకొమ్మనాలి. 'ప్యాలెట్‌యూజ్' అనే మాటతో ఆ రంగులతోనే బొమ్మ వేయమనాలి. లేని రంగులను రెండు రంగుల చుక్కలు కలగలిపి భ్రమింపజేసే పద్ధతి ఒకటుంది. ఫొటోలకది అందమే గాని, అక్షరాల తెరకు అక్కరలేదు. మానితే బొమ్మ శుభ్రంగా, తేలికగా ఉంటుంది. ఒకే రంగు చుక్కలు వరుసగా ఉన్నచోట జిఫ్ వాటిని సంక్షేపంగా రాసుకుంటుంది మరి.

తయారైన బొమ్మను ఇంకా సన్నం చేయడానికి జిఫ్‌సికిల్ అనే మరో ఉచిత సాధనముంది. ముందు ఫ్రేముకూ తరువాతి ఫ్రేముకూ మధ్య మారిన భాగమే మిగిల్చి, మారనిదాన్ని అది తొలగిస్తుంది. చివరి ఫ్రేమును రెండు సెకన్లు నిలిపి ఉంచమని కూడా దీనికి చెప్పవచ్చు. జిఫ్‌లో కాలాన్ని సెకనులో నూరోవంతులుగా కొలుస్తారు కనుక 200 అని చెప్పాలి. చూసేవారి కంటికి ఆ విరామం ఎంతో హాయి.

పంపేముందు బొమ్మను ఒక్కొక్క ఫ్రేముగా ఆపి చూసుకోండి. కన్నుమూసి తెరిచేలోగా పోయిన ఖాతా అంకెను కూడా, కావాలనుకున్నవాడు ఆపి చదువుకోగలడు. పైగా ఇది తిరిగి తిరిగి ఆడే బొమ్మ. రహస్యాన్ని ఒకసారి కాదు, వందసార్లు చెబుతుంది. పంపిన తరువాత వెనక్కి పిలవడం మన చేతిలో లేదు. కత్తిరించే పని మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంత శ్రద్ధగా చేసిన బొమ్మకు ఒక సుగుణముంది. అది విసుక్కోదు. దూరాన ఉన్న తల్లి ఏడోసారి చూసినా, "ఇందాకే చెప్పాను గదా" అనదు.